అడుగున్నర గొట్టం

తలుపు తీసేసరికి ఎదురుగా వాచ్‌మన్. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి.

“సార్, మీ పైన మూడొందల మూడుల నుంచి నీళ్ళు మెట్ల మీదికి వస్తున్నయ్. వాళ్ళు పొద్దుగాల్నే పెళ్ళికి పోయిన్రు. తాళంచెవి నా దగ్గర్నే ఉంది గనీ, ఒక్కన్నే తీసి లోపలికి పోతే మంచిగుండదు. మీరు గూడ రండ్రి.”

మియాపూర్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. మీది రెండో అంతస్తు. టైము తొమ్మిది దాటింది. వెనక్కి తిరిగి చూస్తే మీ హాలు బాత్రూం ఫాల్స్ సీలింగులో లైటు చుట్టూ చెమ్మ మరక పాకుతోంది, లైటు అంచు నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఆ స్విచ్చి జోలికి పోకండి. ముందు బోర్డు దగ్గరికెళ్ళి బాత్రూముల ఎంసీబీ కిందికి దించండి. బకెట్ తర్వాత పెట్టుకోవచ్చు.

మెట్ల మీద నీళ్ళు పలచగా, తొందరేమీ లేనట్టు దిగుతున్నాయి. మూడొందల మూడు గడప దగ్గర కాలిపట్టా ఉబ్బిపోయి ఉంది. వాచ్‌మన్ తాళం తీస్తాడు. లోపల హాలంతా చీలమండ దాకా నీళ్ళు. పాత పేపర్ల కట్ట సోఫా కిందనుంచి బయటికి తేలి వచ్చింది. డైనింగ్ టేబుల్ కాళ్ళ దగ్గర ప్లైవుడ్ అప్పుడే పొరలు విడుస్తోంది. ఇక్కడ కూడా మెయిన్ దించి మరీ లోపలికి నడవాలి. వాచ్‌మన్ ఆ పని చేశాడు, చెప్పించుకోకుండా.

చప్పుడు బాత్రూంలోంచి వస్తోంది. అది కుళాయి విప్పిన చప్పుడు కాదు. సన్నగా, తెంపు లేకుండా, కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే చప్పుడు. వాష్ బేసిన్ కింద చిన్న అలమర ఉంది. దాని తలుపు తెరుచుకుని ఉంది, లోపలనుంచి నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఎదుటి గోడను కొడుతున్నాయి. వెండిరంగు గొట్టం ఒకటి తల తెగి అటూ ఇటూ ఊగుతోంది.

వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకుని ఆ జల్లులోకి చెయ్యి పెట్టి గోడమీది యాంగిల్ కాక్ పట్టుకుంటాడు. కుడివైపుకి తిప్పాలి. మొదట కదలదు. తర్వాత కిర్రుమంటూ ఒక చుట్టు, మరో చుట్టు. జల్లు కుంగి, ధారై, చుక్కలై ఆగిపోతుంది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఒళ్ళంతా తడిసిపోయింది.

ఆ కాక్ తిరిగింది కాబట్టి సరిపోయింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, పని పడుతుంది.

ఇంటాయనకి ఫోన్ చేస్తారు. అవతల సన్నాయి మోగుతోంది.

“ఏవండీ! పైపు పగిలిందా? అయ్యబాబోయ్! ఆ బేసిన్‌కి కుళాయి కొత్తదేనండీ. రెండేళ్ళ కిందట మార్పించాం. ఆరు వేలెట్టి కొన్నాను.”

“కుళాయి బాగానే ఉందండీ. కింది కనెక్షన్ పైపు పోయింది.”

“దాన్ని మార్చలేదండీ. పాతది బాగానే ఉంది కదా అని అదే తగిలించేశాడు. ఇల్లు కొన్నప్పటిదది.”

ఇల్లు కొని ఎన్నాళ్ళయిందో మీకూ తెలుసు. అపార్ట్‌మెంటు కట్టి పదకొండేళ్ళు. తయారీదార్లు ఇలాంటి పైపుకి చెప్పే ఆయుష్షు మామూలుగా అయిదు నుంచి పదేళ్ళ మధ్య ఉంటుంది. ఆ మాట డబ్బా మీదే ఉండిపోతుంది, డబ్బా మొదటిరోజే చెత్తలోకి పోతుంది.

ప్లంబర్ వచ్చేలోగా నేల మీది నీళ్ళు చీపుళ్ళతో బాల్కనీ తూములోకి తోస్తూ ఒక లెక్క వేసుకోవచ్చు. టెర్రస్ మీద ట్యాంకులోని నీటిమట్టం ఈ బేసిన్‌కి సుమారు 11 మీటర్ల పైన ఉంటుంది. 10 మీటర్ల ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలో బరువు వేస్తుంది. మీ ఇంట్లో ఆ బరువు ఇంకాస్త ఎక్కువ, కింది అంతస్తులో మరీ ఎక్కువ. పైన అయిదో అంతస్తు వాళ్ళకే తక్కువ, అందుకే వాళ్ళు ప్రెషర్ పంపు పెట్టించుకుని మిగతా అందరినీ మించిపోయారు. కుళాయి విప్పి ఉన్న కాసేపే పైపు మీద బరువు పడుతుందనుకుంటాం. నిజానికి కుళాయి కట్టేసి ఉన్నప్పుడే పూర్తి బరువు దానిమీద ఉంటుంది, రాత్రీ పగలూ. తెగిన గొట్టంలోంచి నిమిషానికి 10 లీటర్లే పోయాయనుకున్నా గంటకి 600. వాళ్ళు బయల్దేరింది అయిదింటికి. వాళ్ళు లిఫ్ట్ దిగుతుండగానే పగిలి ఉంటే 2,400 లీటర్లు. జలమండలి ట్యాంకరుకి 5,000 లీటర్లు పడతాయి. అంటే దాదాపు సగం ట్యాంకరు ఈ హాల్లోంచి నడిచి వెళ్ళింది.

ప్లంబర్ బైకు మీద వచ్చాడు. భుజాన కాన్వాసు సంచి. ఒడిశాలోని కేంద్రపడా జిల్లావాడు. ఆ జిల్లాలోని పట్టాముండై ప్రాంతం ప్లంబర్లకి పేరుమోసింది. బ్రిటిష్ కాలంలో కలకత్తాలో ఈ పని నేర్చిన వాళ్ళ దగ్గర మొదలై, తరం తర్వాత తరం దేశమంతా పాకింది. దిల్లీలో, ముంబయిలో, మన మియాపూర్‌లో గోడల వెనక గొట్టాల దారి తెలిసినవాళ్ళలో ఆ జిల్లావాళ్ళు చాలామంది. ఇతని తెలుగు కట్టుబడి పనుల దగ్గర నేర్చినది. అవసరమైనంతే ఉంటుంది, ఉన్నంతా పనికొస్తుంది.

“కరెంటు బంద్ ఉందా?” అన్నది మొదటి మాట. ఉందన్నాక అలమర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫోను టార్చి వెలిగిస్తాడు. తెగిన గొట్టాన్ని ముట్టుకోడు. ముందు పక్కనున్నవి ఒక్కొక్కటే బయటికి తీసి మీ చేతికిస్తాడు. ఫినాయిల్ సీసా. గాజు తుడిచే నీలం మందు. బ్లీచింగ్ పౌడర్ పొట్లం, మూతి రబ్బర్ బ్యాండుతో కట్టి ఉంది. చివరగా ఒక ప్లాస్టిక్ సీసా, టైల్స్ కడిగే యాసిడ్, మూత పగిలి సగమే పట్టి ఉంది.

“ఇదీ సార్,” అంటాడు ఆ సీసాని ఎత్తి చూపిస్తూ.

మీకు వెంటనే అర్థం కాదు. యాసిడ్ పైపు మీద ఒలికినట్టు లేదే.

“ఒలకక్కర్లేదు. మూసిన అలమర. వాసన చాలు.”

యాంగిల్ కాక్ దగ్గర నట్టు విప్పి గొట్టం బయటికి తీసి మీ అరచేతిలో పెడతాడు. ఇప్పుడు తీరిగ్గా చూడండి. ఇంతకాలం మీ ఇంట్లోనూ ఉంది, ఎప్పుడూ చూసి ఉండరు.

పైన కనిపించేది స్టీలు తీగల అల్లిక. వెంట్రుక మందం తీగలు నాలుగైదు చొప్పున జట్టుకట్టి, నవ్వారు మంచంలా ఒకదాని కిందనుంచి ఒకటి దూరుతూ గొట్టం చుట్టూ తిరిగాయి. నీరు ఈ స్టీలుని తాకదు. లోపల నల్లటి రబ్బరు గొట్టం ఉంది, మంచి రకమైతే ఈపీడీఎం రబ్బరు. నీరు పారేది అందులోంచి. రబ్బరుకి వంగే గుణం ఉంది, ఒత్తిడిని ఆపే బలం లేదు. అల్లికకి నీరు నిలిపే గుణం లేదు, రబ్బరు ఉబ్బకుండా చుట్టూ పట్టి ఉంచే బలం ఉంది. రెండు చివరలా ఒక చిన్న లోహపు గొట్టం రబ్బరులోకి దూరి ఉంటుంది, పైనుంచి స్టీలు కప్పు దాన్నీ అల్లికనీ కలిపి నొక్కి పట్టుకుంటుంది. దాని మీద నట్టు తనంత తాను తిరుగుతుంది. అంతే వస్తువు.

తెగిన చోటు ఆ స్టీలు కప్పు అంచు దగ్గరే. తీగల కొసలు గోధుమరంగులో ముళ్ళలా లేచి ఉన్నాయి. వేలు పెట్టకండి, గుచ్చుకుంటాయి. ప్లంబర్ స్క్రూడ్రైవర్ మొనతో ఒక తీగని కదిపితే అది పుల్లలా విరుగుతుంది.

“తుప్పా?”

“తుప్పే. స్టీలుకి గూడ వస్తది.”

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు రాదని మనకో నమ్మకం, వంటింటి గిన్నెలు చూసి వచ్చింది. 304 రకం స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం పైన కంటికి కనిపించని పొర కడుతుంది. ఆ పొర గీరుకుంటే గాలి తగిలి మళ్ళీ కడుతుంది. దానికి పడనిది క్లోరైడు. టైల్స్ కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాని ఆవిరిలో అదే ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్‌లోంచి వచ్చే క్లోరిన్ కూడా తక్కువది కాదు. తలుపు వేసి ఉన్న అలమరలో చెమ్మకి ఈ ఆవిరి తోడై, తీగల మీద సూదిమొనంత గుంటలు పడతాయి. గిన్నె మందం స్టీలుకి సూదిమొనంత గుంట ఒక లెక్క కాదు. వెంట్రుకంత తీగకి అది సగం మందం. ఒక తీగ తెగితే దాని బరువు పక్క తీగ మీద పడుతుంది. అలా కొన్ని తెగాక ఆ సందులోంచి రబ్బరు చిన్న బుడగలా పొంగుతుంది. ఆ బుడగని ఎవరైనా చూసి ఉంటే పని కొద్దిపాటి ఖర్చుతో అయిపోయేది. అలమర అడుగున వంగి చూసేవాళ్ళెవరు?

“పది ఇళ్ళకి పోతే ఎనిమిది ఇళ్ళలో సీసాలు ఇక్కడే పెడతారు సార్. జాగా ఖాళీ ఉంటది గదా.”

యాసిడ్ సీసాని బాల్కనీలో ఓ మూలన పెట్టి వస్తారు మీరు. ప్లంబర్ అప్పటికే బేసిన్ కింద రెండు కొసల మధ్య దూరం జానతో కొలిచాడు. జానెడు, పైన నాలుగు వేళ్ళు. అంటే సుమారు ఓ అడుగు.

“అడుగు పైపు తేవాలా?”

“అడుగున్నర. అడుగు తెస్తే తీగలాగ టైటు నిలబడతది. రెండడుగులు తెస్తే మడత పడతది.”

ప్లంబర్‌తో కలిసి వెళ్తారు. హార్డ్‌వేర్ షాపు మెయిన్ రోడ్డు మీద. ట్రూప్ బజార్ నుంచి సరుకు తెచ్చే చిన్న కొట్టు. గుమ్మానికి పీవీసీ ఎల్బోలు దండలు గుచ్చి వేలాడుతున్నాయి. మీరు “కనెక్షన్ పైపు, పద్ధెనిమిది ఇంచీలు” అనగానే షాపాయన మూడు రకాలు గాజుబల్ల మీద పరుస్తాడు.

మొదటిది తెల్లటి పీవీసీ గొట్టం. చవక. చన్నీళ్ళకి ఏదో నడుస్తుంది. రెండోది తళతళా మెరుస్తోంది, చేత్తో ఎత్తితే బరువే లేదు. మూడోది అంత మెరుపు లేదు, బరువుంది, నట్లు ఇత్తడివి. రెండోదానికీ మూడోదానికీ దూరం నుంచి పెద్ద తేడా కనిపించదు, ధరలో మాత్రం సగానికి సగం తేడా.

షాపాయన సొరుగులోంచి అయస్కాంతం తీసి మూడోదాని మీద పెడతాడు. “చూడండి సార్, అంటుకోదు. అసలు స్టీలు.” అయస్కాంతం నిజంగానే జారిపోతుంది. ఈ పరీక్షని మరీ నమ్మకండి. రెండోదాని మీద పెట్టినా జారిపోతుంది, ఎందుకంటే దాని అల్లిక అల్యూమినియం తీగ. పైగా మంచి 304 స్టీలుని సన్నటి తీగగా లాగినప్పుడు దానికి కొద్దిగా అయస్కాంతాన్ని పట్టే గుణం వస్తుంది. కాబట్టి కాస్త అంటుకున్నంత మాత్రాన నకిలీ అని తీసిపారేయడానికీ లేదు. ప్లంబర్ అయస్కాంతం వంక చూడడు. నట్టు మరల్లో పసుపురంగు కనిపిస్తుందో లేదో చూస్తాడు. స్టీలు కప్పు దగ్గర అల్లిక కొస ఎక్కడైనా బయటికి పొడుచుకొచ్చిందేమో వేలితో తడుముతాడు. నట్టు లోపల వాషర్ ఉందా, నల్లటి మెత్తటి రబ్బరా లేక గట్టి ప్లాస్టిక్కా చూస్తాడు. గొట్టాన్ని రెండు చేతులతో మెల్లగా వంచి వదిలేస్తాడు. అది తిరిగి తిన్నబడుతుంది. “ఇది ఇవ్వు.”

షాపాయన “టేపు?” అంటూ టెఫ్లాన్ చుట్ట ఒకటి పైన పడేస్తాడు. ప్లంబర్ తల అడ్డంగా ఊపుతాడు.

మళ్ళీ బేసిన్ కింద. ఇప్పుడు జరిగే పని పది నిమిషాలది, అందులో స్పానరు పని ఒక నిమిషమే. 

ముందు యాంగిల్ కాక్ మూతికి మగ్గు అడ్డం పెట్టి కాక్ కొద్దిగా విప్పుతాడు. ఎర్రటి నీళ్ళు భళ్ళున పడి, తర్వాత తేరుకుంటాయి. మగ్గు అడుగున ఇసుక రేణువులు, తెల్లటి సున్నపు పెచ్చులు. మంజీర నీళ్ళకి తోడు బోరు నీళ్ళు కలిసే ట్యాంకు ఇది, కాబట్టి ఆశ్చర్యం లేదు. ఇవి కొత్త పైపులోంచి నేరుగా ఆరువేల కుళాయిలోకి పోయేవి.

కాక్ కట్టి, మరల మీద పేరుకున్న మురికిని పాత గుడ్డతో తుడుస్తాడు. కొత్త పైపు నట్టులో వాషర్ సమంగా కూర్చుందో లేదో చిటికెన వేలితో నొక్కి చూస్తాడు. నట్టుని చేత్తోనే ఎక్కిస్తాడు, ముందు ఒకసారి వెనక్కి తిప్పి, మర దొరికినట్టు తెలిశాక ముందుకి. చేతికి నాలుగు చుట్లు సాఫీగా ఎక్కితే మర సరిగ్గా పట్టినట్టు. ఒక చుట్టుకే బిగుసుకుంటే అడ్డంగా ఎక్కినట్టు; స్పానరు తీసుకుని దాన్ని జయించబోయేవాళ్ళే మరల్ని పాడుచేసేది.

హాఫ్ ఇంచి నట్టు అంటాం. టేపు పెట్టి కొలిస్తే కాక్ మరల బయటి కొలత 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అర అంగుళం అంటే 12.7. ఆ అర అంగుళం ఒకప్పటి ఇనప పైపు లోపలి బోలుది. మరల గాడి కోణం 55 డిగ్రీలు, అంగుళానికి 14 మరలు. ఈ కోణం 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ఖాయం చేసింది. ఏ కంపెనీ పైపు తెచ్చినా, ఏ కంపెనీ కాక్‌కైనా మియాపూర్‌లో పట్టేస్తోందంటే ఆ మహానుభావుడి పుణ్యమే.

“టేపు చుట్టవా భయ్యా?” వాచ్‌మన్ గుమ్మంలోంచి అడుగుతాడు. చాలామంది ప్లంబర్లు ఇక్కడ టేపు చుట్టడం అతను చూశాడు.

“ఇక్కడ వద్దన్నా. నీళ్ళు ఆపేది వాషర్. టేపు గోడలోకి పోయే మరకి.”

అది నిజం. యాంగిల్ కాక్ గోడలోని ఎల్బోలోకి ఎక్కే చోట లోహానికి లోహం తగులుతుంది, ఆ సందులు పూడ్చడానికి టేపు కావాలి. పైపు నట్టు దగ్గర వాషర్ కాక్ మూతికి అణిగి నీటిని ఆపుతుంది. అక్కడ టేపు చుడితే మేలు జరగదు సరికదా, నట్టు ముందే బిగుసుకున్నట్టు అనిపించి వాషర్ అణగకుండానే ఆపేస్తాం. ఆ టేపు పదార్థాన్ని 1938లో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకి వాడే వాయువుల మీద పని చేస్తూ అనుకోకుండా కనిపెట్టాడు. మనవాళ్ళు దాన్ని అనుమానం ఉన్న ప్రతిచోటా చుడతారు.

పై కొస కుళాయి కాడకి ఎక్కించే ముందు ప్లంబర్ గొట్టాన్ని వదులుగా వేలాడనిచ్చి, దాని సహజమైన వంపు ఎటుందో చూస్తాడు. ఆ వంపులోనే ఉంచుతాడు. కొసల దగ్గర రెండంగుళాలు నిటారుగా ఉండి, వంపంతా నడుమే రావాలి. కప్పు అంచు దగ్గరే వంచితే తీగలు అక్కడే నలుగుతాయి. పాతది తెగింది అక్కడే కదా. యాసిడ్ ఒక్కటే చేసిన పని కాదది. పోయినసారి అమర్చినవాడు అక్కడే మెడ విరిచి పెట్టాడు.

రెండో నట్టు చేత్తో బిగిశాక స్పానరు తీస్తాడు. ఎడమ చేత్తో గొట్టం కప్పు కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో పావు చుట్టు. అంతే. మీకు కొరత అనిపిస్తుంది. ఇంకాస్త బిగించమని నాలుక చివరిదాకా వస్తుంది. ఇంకాస్త బిగిస్తే వాషర్ చితికి పక్కలకి పొంగుతుంది. ఇవాళ చుక్క రాదు, ఆరునెలలకి వస్తుంది. నట్టుతో పాటు గొట్టం కూడా తిరిగితే అల్లిక మెలిపడుతుంది, ఆ మెలి ఎప్పటికీ దానిలోనే ఉండిపోతుంది. పాత ప్లంబర్ల చేతి బలం ఇనప పైపులకి పనికొచ్చింది. దీనికి కావలసింది ఆ బలాన్ని ఆపుకోవడం.

కాక్ మెల్లగా విప్పుతాడు, సగం చుట్టు చొప్పున. గొట్టం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని నిలబడుతుంది. కింద పొడి టిష్యూ కాగితం పరిచి, నట్ల చుట్టూ ఇంకో కాగితం చుట్టి, కుళాయి విప్పి, ఠక్కున కట్టేస్తాడు. గోడలో ఎక్కడో ‘ఠంగ్’ మంటుంది.

“మీటనొక్కే కుళాయి గదా సార్, ఒక్కసారి మూస్తే నీళ్ళు గుద్దుకుంటయి. మెల్లగ మూయమని చెప్పండి.”

పారుతున్న నీరు అకస్మాత్తుగా ఆగితే ఆ వేగమంతా క్షణకాలం ఒత్తిడిగా మారుతుంది, ట్యాంకు ఇచ్చే ఒత్తిడికి అది అదనం. వాషింగ్ మెషీన్‌లో కరెంటు వాల్వు మూసుకున్నప్పుడల్లా జరిగేదీ అదే. కొత్త పైపు దాన్ని నవ్వుతూ భరిస్తుంది. పదకొండేళ్ళ పైపుకి ఒక్కో దెబ్బా లెక్కే.

కాగితం పొడిగా ఉంది.

ఇక్కడితో అయిపోతుందనుకుంటారు. ప్లంబర్ లేవకుండా మెడ తిప్పి కమోడ్ వెనక చూస్తున్నాడు. ఫ్లష్ ట్యాంకు పైపు బాగానే ఉంది. దాని ట్యాంకు వైపు నట్టు ప్లాస్టిక్‌ది, దాన్ని స్పానరు ముట్టకూడదు, చెయ్యి చాలు. హెల్త్ ఫాసెట్ దగ్గర మాత్రం నిట్టూరుస్తాడు. మీట వదిలేస్తే నీళ్ళు ఆగుతాయి, గొట్టంలో ఒత్తిడి ఆగదు. సన్నటి గొట్టం, చివర ప్లాస్టిక్ తల. వాడాక దాని యాంగిల్ కాక్ కట్టేయడం అన్ని ఇళ్ళలోనూ చేయాల్సిన పని, ఏ ఇంట్లోనూ చేయని పని.

గీజర్ కింద స్టూలు వేసుకుని ఎక్కుతాడు. చన్నీళ్ళ వైపు స్టీలు పైపు. వేణ్ణీళ్ళ వైపు తెల్ల పీవీసీ గొట్టం, ఇప్పుడది తెలుపు కాదు, పాత దంతం రంగు. గోటితో నొక్కితే సొట్ట పడదు. వేడికి మెత్తబడీ గట్టిపడీ చివరికి ఎముకైపోయింది.

“బేసిన్‌ది పోయింది గాబట్టి బతికినరు సార్. ఇది పోతే వేడి నీళ్ళు. కింద ఎవరైనా నిలబడితే?”

గీజర్‌లో 25 డిగ్రీల నీరు 65కి వేడెక్కితే పరిమాణం ఒకటిన్నర శాతానికి పైనే పెరుగుతుంది. మూసిన ట్యాంకులో ఆ పెరిగినది ఎటోకటు తోస్తుంది. ఆ తోపుని వదలడానికే గీజర్‌కి సేఫ్టీ వాల్వు ఉంటుంది. దానికి తోడుండాల్సిన చోట వంద రూపాయల లోపు గొట్టం తగిలించి ఉంది. ఇంత సొమ్ము పోసి కొన్న గీజర్‌కి ఇదేం పిసినారితనమో! కొన్నవాళ్ళ తప్పు కూడా కాదు, బిగించినవాడి సంచిలో ఏదుంటే అది తగిలిస్తాడు.

ఫోన్‌లో ఇంటాయన అడక్కముందే ఒప్పుకున్నాడు. “అన్నీ మార్పించెయ్యండి. వేణ్ణీళ్ళకి పనికొచ్చేదే వెయ్యమనండి. డబ్బులు ఇప్పుడే కొడతాను. మీ సీలింగు సంగతి వచ్చాక మాట్లాడుకుందామండీ.” సన్నాయి ఆగి తాళాలు మోగుతున్నాయి. మీరు అక్షింతలు వేయమని చెప్పి పెట్టేస్తారు.

“మీ ఇంట్ల గూడ చూడమంటారా?” అంటాడు ప్లంబర్ సంచి సర్దుకుంటూ.

కిందికి వస్తారు. మీ బాత్రూముల్లో వాటి వయసు తప్ప పేచీ లేదు. వంటింట్లో సింకు కింద అలమర తెరుస్తాడు. పాత్రలు తోమే లిక్విడు, ఓ ఫినాయిల్ సీసా, పాలిథిన్ కవర్లు కుక్కిన కవరు. వాటి వెనక గొట్టం పూర్తిగా ఒక చుట్టు చుట్టుకుని, నడుమ సొట్టపడి, గోడకీ సింకుకీ మధ్య ఇరుక్కుని ఉంది. అడుగున్నర చాలినచోట రెండడుగులది పెట్టారు. టార్చి దగ్గరగా పెడితే వంపు బయటి అంచున తీగలు కొన్ని విడిపోయి, మధ్యలో మినపగింజంత నల్లటి బుడగ.

ముట్టుకోబోయిన మీ చేతిని ప్లంబర్ మెల్లగా పక్కకి నెడతాడు. “ముందు కాక్ కట్టాలి.”

కాక్ తిప్పుతాడు. తిరగదు. గుడ్డ చుట్టి పట్టు బిగిస్తాడు. తిరగదు. పదకొండేళ్ళు ఎవరూ ముట్టని కాక్, లోపల బోరు నీటి సున్నం పట్టేసింది. నెలకోసారి కట్టి విప్పితే కదిలేది.

“గట్టిగ తిప్పరాదూ?”

“తిప్పితే గోడల ఎల్బో తిరుగుతది సార్. అప్పుడు టైల్స్ పగలకొట్టాలి. పైన గేట్ వాల్వ్ బంద్ చేయండి, కాక్ గూడ కొత్తది వేస్తా.”

03 వరస ఫ్లాట్లన్నిటికీ దిగేది ఒకే లైను. వాచ్‌మన్ టెర్రస్‌కి పరిగెడతాడు. మీరు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తెరిచి ‘03 వాళ్ళకి పది నిమిషాలు నీళ్ళు రావు’ అని కొడుతుండగానే సింకు కుళాయి గుటకలు మింగి ఆగిపోతుంది. ఆ వెంటనే డక్టులోంచి, పై అంతస్తుల నుంచి, ఓ పెద్దాయన గొంతు ఖంగుమంటుంది.

“ఎవరయ్యా నీళ్ళు కట్టేసింది? ఒళ్ళంతా సబ్బుంది ఇక్కడ!”

అలమరలో నడుము దాకా దూరిన ప్లంబర్ బయటికి రాకుండానే అంటాడు: “పది గాదు సార్, అరగంట రాయండి.”